పాల వంతు

మా మరిది చనిపోయిన ఏడాది వసంతంలో మా ఇంట్లో అందరూ ఎక్కువగా తలుచుకున్నది మరిదిని కాదు, వంటనూనెని. పైకి అనడానికి సిగ్గుగా ఉన్నా నిజం అదే. చచ్చిపోయినవాడి కోసం పొద్దున్నా సాయంత్రం ప్రార్థన చేసేవాళ్ళం. నూనె సంగతి మాత్రం రోజంతా గుర్తొచ్చేది.

మా ఆయన ఫైజాలీ రోడ్డు మరమ్మతు పనివాడు. ఆయన జీతాన్ని మా అత్తయ్య వారాల వారీగా విడగొట్టి, గురువారం గురువారం ఒక చేతిరుమాలు ముడి నా చేతిలో పెట్టేది. సంతకి వెళ్ళేది నేనే. ఆ ముడితో పన్నెండు మందిమి వారం గడపాలి. నా పిల్లలు నలుగురు, మరిది పిల్లలు నలుగురు, పెద్దవాళ్ళం నలుగురం. ముందు పిండి కొనాలి. తందూరులో రొట్టె కాలని ఇంటిని మా వైపు ఇల్లనరు. తర్వాత ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, క్యారెట్లు, టీ ఆకు, ఉప్పు. ఇవన్నీ అయ్యాక నూనె కొట్టు దగ్గరికి వచ్చేసరికి, ముడిలో మిగిలింది చూసి కొట్టువాడే మొహం తిప్పుకునేవాడు. నేను సీసా చాపితే, "నింపాలా, తడపాలా?" అని అడిగేవాడు. తడిపించుకుని వచ్చేదాన్ని.

కొత్త ఏడాది పండగ నవ్రూజ్ వెళ్ళిన వారం మహ్వాష్ అన్నలిద్దరూ వచ్చారు. మహ్వాష్ నా తోడికోడలు. ఎక్కడో పైన, మంచు ఆలస్యంగా కరిగే కొండ ఊరి పిల్ల. మా మరిది ఆ శీతాకాలమే కనుమ దారిలో లారీతో సహా లోయలో పడిపోయాడు. అప్పటికి ఆమె చంటివాడికి పళ్ళు కూడా రాలేదు.

పెద్దన్న ఖోలిక్ నేను పెట్టిన సూప్ మర్యాదగా తాగి, గిన్నె కింద పెట్టాడు.

"పెద్దమ్మా, తప్పుగా అనుకోకండి. మా చెల్లెల్ని మీరు బాగానే చూసుకుంటున్నారు. కానీ మీ సూప్‌లో నా మొహం నాకు కనిపిస్తోంది."

మా అత్తయ్య గిన్నె వైపు చూసింది. సూప్‌లో నూనె చుక్క లేదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

"పెంజికెంట్ పట్నంలో ఒకాయన ఉన్నాడు. బట్టల షాపు ఉంది. భార్య పోయింది. దీన్ని చేసుకుంటానంటున్నాడు," అన్నాడు ఖోలిక్. తర్వాత కాస్త గొంతు తగ్గించాడు. "పిల్లలు మీ ఇంటివాళ్ళు. వాళ్ళని అడగను."

అదే మా ఆచారం. విధవరాలు పుట్టింటికి పోతుంది, పిల్లలు తండ్రి ఇంట్లో ఉంటారు. మహ్వాష్ టీ కెటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా వింది. వచ్చి అందరి గిన్నెల్లోనూ టీ పోసింది. మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"ఖుబానీ పళ్ళు కోతకొచ్చే దాకా ఆగు," అంది అత్తయ్య చివరికి. "అప్పటికీ నా ఇంట్లో తిండి ఇలాగే ఉంటే తీసుకెళ్ళు. నేను అడ్డం రాను."

పెద్దవాళ్ళ మధ్య మాట అయిపోయింది. ఖోలిక్ దువా చేసి, చేతులు మొహానికి రాసుకుని లేచాడు. కారు వెళ్ళిపోయాక నేను అత్తయ్య మీద మండిపడ్డాను, మనసులోనే. ఆవిడ మీద పైకి మండిపడ్డ కోడలు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

మర్నాడు పిండి పిసుకుతూ మహ్వాష్ అడిగింది.

"అక్కా, ఈ వీధిలో పాల వంతు లేదా?"

"ఉంది. మనమే లేము."

పాల వంతంటే మా కొండల్లో పసివాళ్ళకి కూడా తెలుసు. ఒక్క ఆవు పొద్దుటి పాలు ఒక్కింట్లో టీలోకే సరిపోవు. అదే వీధిలో ఉన్న ఇళ్ళన్నీ తమ పొద్దుటి పాలని రోజుకొక ఇంటికి చేరిస్తే, ఆ రోజు ఆ ఇంట్లో గుండిగ నిండుతుంది. వెన్న తీయొచ్చు. పెరుగు మూటకట్టి, ఉప్పేసి ఉండలు చేసి ఎండబెడితే కురుత్ అవుతుంది. అది శీతాకాలం అంతా ఉంటుంది. ఎవరెంత పోశారో గాట్లు పెట్టిన కర్రతో కొలుస్తారు. తర్వాత అంతకంత తిరిగొస్తుంది.

"ఎందుకు లేము?" అంది మహ్వాష్.

నేను గడ్డంతో ఎదురింటి వైపు చూపించాను. అది టిల్లో పిన్ని ఇల్లు. వంతు నడిపేది ఆవిడే. నేను కాపురానికి రాకముందెప్పుడో, మా అత్తయ్య అందరి ముందూ కర్ర ఎత్తి చూపించి, "నీ పాలల్లో సగం గాలే టిల్లో," అందట. నురగ అణగకుండానే కొలిచిందని అత్తయ్య ఫిర్యాదు. "మీ ఆవు ఇచ్చేదీ గాలే, నువ్వు మాట్లాడేదీ గాలే," అందట టిల్లో. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఒకరు కూర్చున్న వైపు ఇంకొకరు కూర్చోరు. వీధిలో ఎదురైతే ఇద్దరికీ ఒకేసారి ఆకాశంలో ఏదో కనిపిస్తుంది.

"వెన్న ఉంటే నూనె కొనక్కర్లేదు కదక్కా," అంది మహ్వాష్. "మా ఊళ్ళో నూనె కొనడం నేనెప్పుడూ చూళ్ళేదు. నాకు ఆ పనంతా వచ్చు."

ఆమె ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. సాయంత్రం అత్తయ్య తందూరు దగ్గర ఉన్నప్పుడు విషయం కదిపాను. రొట్టెలు కాలుస్తున్న మనిషికి పారిపోయే వీలుండదు.

"నేను దాని గుమ్మం తొక్కను," అంది అత్తయ్య.

"మీరు తొక్కొద్దు. నేను తొక్కుతాను."

"నీ కాళ్ళు, నీ ఇష్టం."

మా ఇంట్లో అనుమతి అంటే అలాగే ఉంటుంది. మర్నాడే టిల్లో పిన్ని గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, లోపలికి రమ్మని, ముందు ఎండు మల్బరీ పళ్ళు పెట్టింది. తర్వాత మాట చెప్పింది.

"మీ అత్తతో నాకు మాటల్లేవు. మీ ఆవుతో తగువేం లేదు. పొయ్యండి పాలు. కానీ నురగ అణిగాక తీసుకురా, సద్‌బర్గ్. గాలి కొలిచానని ఇంకోసారి మాటపడే ఓపిక నాకు లేదు."

అలా మా మచ్చలావు పొద్దుటి పాలు రోజుకొక గుమ్మానికి వెళ్ళడం మొదలైంది. సాయంత్రం పాలు మాత్రం పిల్లలకి ఉంచాం. పొద్దున్నే నల్ల టీలో రొట్టె ముంచుకుంటూ నా రెండోవాడు మొహం మాడ్చుకుని అడిగాడు.

"అమ్మా, ఆవు మనదా, ఆ ఎదురింటి నాన్నమ్మదా?"

"మనదేరా."

"మరి పాలు?"

"అవీ మనవే. కొన్నాళ్ళు ఊరు చూడ్డానికి వెళ్ళాయి."

మా వంతు వచ్చిన రోజు సూర్యుడి కంటే ముందు మహ్వాష్ లేచింది. వీధిలో గేట్లు ఒకటొకటిగా తెరుచుకుని, ఆడవాళ్ళు బకెట్లతో మా వాకిట్లోకి వచ్చారు. మా అతి పెద్ద గుండిగ, పెళ్ళిళ్ళకి తప్ప దించనిది, అంచు దాకా నిండింది. పిల్లలు చుట్టూ చేరి, మునివేళ్ళ మీద లేచి లోపలికి తొంగి చూశారు. మహ్వాష్ అంగీ చేతులు పైకి మడిచింది. తోడు వెయ్యాల్సిన పాలు వేరు, కాచాల్సినవి వేరు. వేడి తెలియడానికి వేలు ముంచి, పెదవికి తాకించి, "ఇప్పుడు," అనేది. తోడుకున్నాక నిలువు చెక్కపీపాలో పోసి చిలకడం మొదలుపెట్టింది. నేను పట్టుకుంటానంటే నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో.

వెన్న ముద్ద తేలినప్పుడు అత్తయ్య గుమ్మంలో నుంచే చూసి, "ఫర్వాలేదు," అంది. ఆవిడ నోట అది పెద్ద పొగడ్త.

పాలు పోసిన రోజే నాకూ ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. నేను పట్నంలో పెరిగినదాన్ని. మా ఇంటికి పాలు సీసాల్లో వచ్చేవి. ఇరుగుపొరుగు గిన్నె తిరిగిచ్చేటప్పుడు శుభ్రంగా కడిగి, అందులో ఏదైనా పెట్టి ఇవ్వడం మా అమ్మ నేర్పిన మర్యాద. వాకిట్లో వరసగా వాళ్ళు వదిలి వెళ్ళిన, పాలు అంటుకుని ఉన్న బకెట్లు చూశాను. బూడిద తెచ్చి, ఒక్కో బకెట్నీ తళతళలాడేలా తోమాను. ప్రతి దాన్లోనూ గుప్పెడు ఎండుద్రాక్ష పోసి, ఇంటింటికీ నేనే ఇచ్చి వచ్చాను. నా పెద్దరికానికి నాకే ముచ్చటేసింది.

మర్నాడు పొద్దున టిల్లో పిన్ని మా గేటు బయట నిలబడింది. వెనక ఇంకో ఇద్దరు.

"నా బకెట్ కడిగిందెవరు?"

"నేనే పిన్నీ. బూడిదేసి తోమాను."

మా అత్తయ్య లోపల నుంచి వచ్చి, సంగతి అర్థమై, నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. మహ్వాష్ చిలికేది ఆపేసింది.

పాలు తెచ్చిన బకెట్‌ని పరాయి వాకిట్లో కడగకూడదట. అంటుకున్న పాలతోనే ఇంటికి పోవాలట. ఇంటామె కడిగి ఆ నీళ్ళు తన ఆవుకే తాగించాలట. అందులోనే ఆవు బరకత్, అంటే దేవుడిచ్చిన పాడి సమృద్ధి, ఉంటుందట. నేను ఆ వీధి ఆవులన్నిటి బరకత్‌ని బూడిదేసి తోమి మా వాకిట్లో కాలవలోకి వదిలేశాను.

"పట్నం పిల్ల, తెలీదు," అంది మహ్వాష్ నన్ను వెనకేసుకొస్తూ.

"తెలిసినావిడ ఇంట్లోనే ఉందిగా," అంది టిల్లో, అత్తయ్య వైపు చూడకుండా. "చెప్పలేదేం?"

ఇంక అత్తయ్య ఊరుకుంటుందా. నోరు తెరిచింది. కానీ ఏం అనుకుందో, మూసేసింది. ఆ తర్వాత రెండు మూడు రోజులకి టిల్లో ఆవుకి పాలు తగ్గాయి. మరీ తగ్గాయి. ఇంక ఎవరూ ఏమీ అనక్కర్లేకపోయింది. ఒక ఉదయం నేను తీసుకెళ్ళిన బకెట్‌ని, వంతు వచ్చిన ఇంటామె ముట్టుకోలేదు. "ఈ వారానికి వద్దులే సద్‌బర్గ్," అంది నేల చూస్తూ. నిండు బకెట్‌తోనే తిరిగొచ్చాను. పిల్లలు ఆ పాలు చూసి ఎగిరి గంతేశారు. నాకు మాత్రం అవి గిన్నెలోకి వంచబుద్ధి కాలేదు.

తర్వాతి గురువారం సంతలో నూనె కొట్టువాడు నన్ను చూసి, "రెండు వారాలు కనపడలేదే," అన్నాడు. సీసా తడిపించుకున్నాను. దారి పొడుగునా ఖుబానీ చెట్లకి కాయలు గోళీలంత అయి ఉన్నాయి. కోతకి ఎంతో కాలం లేదు. నా మర్యాద ఒక తల్లిని పిల్లల నుంచి వేరు చేస్తుందా అని భయం వేసింది. ఆ ఎండలో, సంచులు మోసుకుంటూ, అడుగు వేగం పెంచాను.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో మహ్వాష్ తన పెద్దకూతురు నిగీనాని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉంది. ఇద్దరి మధ్యలో చిన్నది. నిగీనా వేళ్ళకి చెల్లెలి జుట్టు పాయలు పట్టించి, జడ అల్లడం నేర్పుతోంది.

"ఇలా కాదు. ఇది కింద నుంచి తియ్యి."

"నాకు రాదమ్మా. రోజూ నువ్వే వేస్తావుగా."

"నేర్చుకో. పెద్దదానివి."

"నువ్వెక్కడికైనా వెళ్తున్నావా?"

మహ్వాష్ పాయలు మళ్ళీ విప్పి, మళ్ళీ మొదటి నుంచి చూపించింది. కాస్త దూరంలో అత్తయ్య బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరడం ఆపింది. పళ్ళెం పక్కన పెట్టి, లేచి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నమాజు వేళ కూడా కాదు అది.

మర్నాడు పొద్దున పాలు పితికాక అత్తయ్య నన్ను పిలిచింది. పాలు గిన్నెలోకి వంపేసి, ఖాళీ బకెట్ చేత్తో పట్టుకుని ఉంది. పాలు ఇంకా గోడలకి అంటుకునే ఉన్నాయి. తలకి మంచి రుమాలు కట్టుకుంది. పెళ్ళిళ్ళకి కట్టుకునేది.

"పద."

"ఎక్కడికత్తయ్యా?"

"నడువు. తోమిన మహాతల్లివి నువ్వే కదా. పక్కనుండాలి."

వీధి దాటింది. గేటు తట్టింది. టిల్లో పిన్ని తలుపు తీసి, ఎదురుగా మా అత్తయ్యని చూసి, ఆకాశం వైపు చూడటం కూడా మరిచిపోయింది.

అత్తయ్య బకెట్ ముందుకు చాపింది.

"కడుగు."

"ఏంటీ?"

"నా కోడలు నీ బకెట్ కడిగింది. నువ్వు నాది కడుగు. పోతే ఇద్దరి ఆవుల బరకతూ పోతుంది. కావాలంటే బూడిద కూడా తెచ్చా."

నిజంగానే తెచ్చింది. మంచి రుమాలు కొసకి పొట్లం కట్టి. టిల్లో ఆ పొట్లాన్నీ, అత్తయ్య మొహాన్నీ మార్చి మార్చి చూసింది. ఇద్దరూ ముసలివాళ్ళయ్యారని నాకు అప్పుడే తట్టింది. అంత దగ్గరగా ఒకచోట నిలబడ్డం నేనెప్పుడూ చూళ్ళేదు.

టిల్లో బకెట్ తీసుకుంది. కూజాతో కాసిని నీళ్ళు పోసి, చుట్టూ ఒకసారి తిప్పింది. పారబొయ్యలేదు. ఆ తెల్లటి నీళ్ళు పట్టుకుని కొట్టంలోకి వెళ్ళింది. మేమూ వెనకే వెళ్ళాం. సగం తన ఆవుకి పట్టి, మిగతా సగం ఉన్న బకెట్ అత్తయ్యకి ఇచ్చింది.

"ఇది మీ మచ్చలదానికి పట్టు."

అత్తయ్య బకెట్ అందుకుంది. రెండో చేత్తో టిల్లో ఆవు డొక్క మీద నిమిరింది. చెయ్యి అక్కడే కాసేపు ఉంచి, మళ్ళీ నిమిరింది.

"నా పాలల్లో ఇంకా గాలే ఉందా సోరో?" అంది టిల్లో, అత్తయ్యని పేరు పెట్టి పిలుస్తూ.

"లేదు. ఆ రోజు నాకు తలనొప్పిగా ఉంది."

"అంత కాలం నుంచీ తగ్గలేదా?"

"ఇవాళ కాస్త నయం."

టిల్లో లోపలికి వెళ్ళి టీ పెట్టింది. వాళ్ళిద్దరూ మధ్యాహ్నం దాకా లేవలేదు. ఇంట్లో వంట నేనే చేసుకున్నాను. అత్తయ్యని పిలుచుకుని తిరిగొచ్చేటప్పుడు వీధి మధ్యలో ఆవిడ నాకు మాత్రమే వినపడేలా అంది.

"దాని ఆవు చూడిది. నెలలు నిండుతున్నాయి. పాలు తగ్గక పెరుగుతాయా?"

"మరి ఆ సంగతి చెప్పలేదేం అత్తయ్యా?"

"తగువు ఇప్పుడే కదే తీరింది. మళ్ళీ మొదలుపెట్టమంటావా?"

మర్నాటి నుంచి మా పాలు మళ్ళీ వీధిలోకి వెళ్ళాయి. తర్వాత మా వంతులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ప్రతిసారీ మహ్వాష్‌కి వాకిలి నిండా పనే. వెన్న కాచి జాడీల్లోకి, పెరుగు మూటల్లోకి, కురుత్ ఉండలు డాబా మీద గుడ్డల పైకి. కాకులు రాకుండా పిల్లల్ని వంతులేసి కాపలా పెట్టింది. మజ్జిగ కూడా వదిలేది కాదు, జొన్న గింజలేసి కాచేది. వీధిలో ఆడవాళ్ళు పెరుగు సరిగ్గా తోడుకోకపోతే మా ఇంటికే వచ్చేవాళ్ళు. "మహ్వాష్ ఉందా?" అని అడిగేవాళ్ళు. నన్నెవరూ అడిగేవాళ్ళు కాదు. నాకు బకెట్లు అందివ్వడానికి కూడా భయపడేవాళ్ళు.

సంతలో నేను నూనె కొట్టు ముందు నుంచి తల తిప్పకుండా నడిచి వెళ్ళాను. ఆ మిగులుతో ఒక వారం గొర్రె ఎముకలు, ఇంకో వారం పిల్లలకి చెప్పులు. కూరల్లో వెన్న వాసన వస్తుంటే ఫైజాలీ పని నుంచి రాగానే గుమ్మంలో ఆగి పీల్చేవాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. రెండో రొట్టె అడిగేవాడు, అంతే.

ఖుబానీలు పండాయి. ఆరబోసిన పళ్ళతో డాబాలన్నీ పసుపుపచ్చగా అయిపోయాయి. ఒక మధ్యాహ్నం ఖోలిక్, తమ్ముడూ అద్దె కారులో వచ్చారు. వెనక సీటు ఖాళీగా ఉంచారు, చెల్లెలి కోసం. ఎంత వెన్న తీస్తే ఏం లాభం. మాట తీసుకున్నవాడు మగవాడు, ఆమె పెద్దన్న. షాపువాడికి కూడా ఇతను మాట ఇచ్చే ఉంటాడు.

అత్తయ్య నేల మీద భోజనం గుడ్డ పరిచింది. కురుతోబ్ చేశాం. పొరల రొట్టె తుంచి పెద్ద చెక్క గిన్నెలో వేసి, కరిగించిన కురుత్ పోసి, పైన వేయించిన ఉల్లిపాయలు, పచ్చి దోసకాయలు, ఆ పైన కాగిన వెన్న. అందరూ ఒకే గిన్నెలో చేతులు పెట్టి తినాలి. ఖోలిక్ మొదటి ముద్ద తిని ఆగాడు. రెండోది తిన్నాడు. వెన్న మోచేతి దాకా కారితే, నాక్కుని, తనని ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. నేను చూశాను.

"పెద్దమ్మా, తిండి మారింది. ఒప్పుకుంటాను," అన్నాడు. "కానీ పెంజికెంట్‌లో మాట ఇచ్చేశాను కదా. మీరు ఒక వేసవి గడిపారు. ఇంకా ఎన్ని వేసవులు? ఆ షాపాయన మంచివాడు. వీధిలో కారు ఆగి ఉంది."

"నన్నెందుకు అడుగుతావు?" అంది అత్తయ్య. "దాన్నే అడుగు."

మా వైపు ఆడదాన్ని అలా అడగరు. ఖోలిక్ తత్తరపడ్డాడు. ఇంతలో మహ్వాష్ వాకిట్లో నుంచి గుమ్మం దాకా వచ్చింది. చేతులు మోచేతుల దాకా మజ్జిగతో తెల్లగా ఉన్నాయి. తుడుచుకోలేదు. అన్న ఎదుట తలెత్తి మాట్లాడటం ఆమెకి అలవాటు లేదు. తలెత్తలేదు కూడా. కానీ మాట గట్టిగానే వచ్చింది.

"అన్నయ్యా, నాకు కుదరదు. రేపు మా ఇంటి వంతు. వీధి పాలన్నీ మాకే వస్తాయి."

"రేపటి సంగతి కాదమ్మా నేనడిగేది."

"రేపు తోడేస్తే ఎల్లుండి చిలకాలి. చిలికింది కాచాలి. ఉండలు ఎండేసరికి మళ్ళీ మా వంతే వస్తుంది." ఒక్క క్షణం ఆగింది. "టిల్లో పిన్ని ఆవు ఈనింది. ఇంక పాలు ఇంకా ఎక్కువ."

"మరి ఆయనకి ఏం చెప్పమంటావు?"

"తీరిక లేదని చెప్పు."

చెప్పి, మళ్ళీ వాకిట్లోకి వెళ్ళిపోయింది. చెక్కపీపా చప్పుడు మొదలైంది. నేను టీ కెటిల్ తెచ్చే నెపంతో గది అవతలికి వెళ్ళి ఏడ్చాను. అంత సంతోషంతో నేను ముందెప్పుడూ ఏడవలేదు.

కెటిల్‌తో తిరిగొచ్చేసరికి ఖోలిక్ ఇంకా గిన్నె వైపే చూస్తూ ఉన్నాడు. తమ్ముడు తినడం ఆపి అన్న మొహం చూస్తున్నాడు. అత్తయ్య తన రొట్టె ముక్క తుంచుకుంటూ, తనకేం తొందర లేదన్నట్టు కూర్చుంది. చివరికి ఖోలిక్ పక్కకి జరిగి చోటు చేశాడు. గుమ్మంలో గుంపుగా నిలబడ్డ మేనకోడళ్ళనీ, వాళ్ళ చంకలోని మేనల్లుడినీ చేత్తో రమ్మన్నాడు.

"రండర్రా. మామయ్య పక్కన కూర్చుని తినండి. మీ అమ్మకి పనుంది."